సీఏడీ-రాడ్స్ 3/పీ2/హెచ్‌ఆర్‌పీ అంటే ఏమిటి? గుండె నాళాల సీటీ రిపోర్టు చదివే పద్ధతి

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా పెడుతున్నాను, మిగతావాళ్లకూ పనికొస్తుంది. పరకాల దగ్గరి ఊరు. బాపుకు 56 ఏళ్లు, పత్తి సేద్యం, చాలా కాలంగా షుగర్, బీడీ అలవాటు. గట్టెక్కినా, బరువెత్తినా ఛాతీ పట్టేసినట్టయి, ఆగితే నాలుగైదు నిమిషాల్లో తగ్గుతోంది. హన్మకొండలో సీటీ కరోనరీ యాంజియోగ్రామ్ చేయిస్తే రిపోర్టు చివర ‘సీఏడీ-రాడ్స్ 3/పీ2/హెచ్‌ఆర్‌పీ’ అని వచ్చింది. ఎల్‌ఏడీ (గుండె ముందు భాగానికి రక్తం తెచ్చే నాళం) మొదటి భాగంలో 55 శాతం ఇరుకు, కాల్షియం స్కోరు 164. ఏడాది కింద వేరే సెంటర్లో తీసిన స్కాన్‌లో ‘ఎల్‌ఏడీలో మైల్డ్ టు మోడరేట్ డిసీజ్’ అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. ఇప్పుడు ఊళ్లో ఒకరు ‘సగం బ్లాకయింది, వెంటనే స్టంట్ వేయించండి’ అంటున్నారు, ఇంకొకరు ‘గ్యాసే’ అంటున్నారు. రోగం పెరిగిందా, ఏం చేయాలి, పత్తి ఏరే పనికి పోవచ్చా అని అడిగారు.

ఆ ఇద్దరి మాటా పట్టించుకోకండి. నడిస్తే వచ్చి, ఆగితే తగ్గే పట్టు గ్యాస్ లక్షణం కాదు, అది యాంజైనా, అంటే గుండెకు రక్తం చాలక వచ్చే నొప్పి తీరు. అలాగని ఈ కోడ్ స్టెంట్ వేయమని చెప్పే కోడ్ కూడా కాదు. దాంట్లో మూడు వేర్వేరు సంగతులున్నాయి. ఒక్కోదానికి ఒక్కో అర్థం, ఒక్కోదానితో ఒక్కో పని. ‘3’ ఒక్కటే చూసి భయపడినా, ‘3’ ఒక్కటే చూసి ఊరుకున్నా మిగతా రెండింటిలో ఉన్న విషయం చేజారుతుంది. మీ బాపు విషయంలో తక్షణం పని చెప్పేది చివరనున్న రెండు ముక్కలే అని నా అభిప్రాయం. ఎందుకో కింద చెప్తాను.

సీఏడీ-రాడ్స్ అంటే కరోనరీ ఆర్టరీ డిసీజ్ రిపోర్టింగ్ అండ్ డేటా సిస్టమ్. రొమ్ము స్కాన్లకు బై-రాడ్స్ ఉన్నట్టే గుండె నాళాల సీటీకి ఇది. సొసైటీ ఆఫ్ కార్డియోవాస్కులర్ సీటీ, అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ వంటి సంస్థలు కలిసి 2016లో మొదటి రూపం ఇచ్చాయి. 2022లో రెండో రూపం వచ్చింది. ఇప్పుడు పాటించాల్సింది ఈ రెండోదే. మీ రిపోర్టులో ‘పీ2’, ‘హెచ్‌ఆర్‌పీ’ ఉన్నాయి కనుక అది కొత్త పద్ధతిలో రాసినదే. ‘హెచ్‌ఆర్‌పీ’ బదులు ‘వీ’ అని ఉండి, పీ అసలు లేకపోతే పాత పద్ధతి అని గుర్తుపట్టొచ్చు.

ఇది ఎందుకు అవసరమైందో మీ పాత రిపోర్టే చెప్తోంది. ‘మైల్డ్ టు మోడరేట్’ అంటే ఒకరి లెక్కలో 30 శాతం, ఇంకొకరి లెక్కలో 60 శాతం. ములుగులో డాక్టర్ రాసిన పరీక్ష, హన్మకొండలో తీసిన స్కాన్, హైదరాబాద్‌లో చూసే కార్డియాలజిస్టు: ఈ ముగ్గురికీ ఒక మాటకు ఒకే అర్థం ఉండకపోతే ప్రతిచోటా పరీక్ష మళ్లీ మొదటికి వస్తుంది. మళ్లీ కాంట్రాస్టు (నాళాలు కనపడటానికి ఎక్కించే మందు), మళ్లీ రేడియేషన్, మళ్లీ డబ్బులు.

ఇక మొదటి అంకె. అన్ని నాళాలూ చూసిన తర్వాత, అన్నిటికంటే ఎక్కువ ఇరుకైన ఒకే ఒక్క చోటు ఎంత ఇరుకో అదే ఈ అంకె. ప్లాక్ (నాళం గోడలో పేరుకున్న కొవ్వు) లేదు, ఇరుకు లేదు అంటే 0. ఇరుకు 1 నుంచి 24 శాతం అయితే 1. 25 నుంచి 49 అయితే 2. 50 నుంచి 69 అయితే 3. ఒకటి లేదా రెండు నాళాల్లో 70 నుంచి 99 శాతం ఉంటే 4ఏ. లెఫ్ట్ మెయిన్‌లో (ఎడమ వైపు నాళాలకు మొదలైన పెద్ద నాళం) 50 శాతం దాటినా, లేదా మూడు నాళాల్లోనూ 70 శాతం దాటినా 4బీ. ఎక్కడైనా నాళం పూర్తిగా మూసుకుపోతే 5. లెఫ్ట్ మెయిన్‌కు మాత్రం 50 శాతానికే 4బీ ఇవ్వడానికి కారణం ఉంది. ఎల్‌ఏడీ, సర్కమ్‌ఫ్లెక్స్ అనే ఎడమ పక్క నాళం రెండూ దాని నుంచే పుడతాయి. ఆ మొదలు మూసుకుంటే ఎడమ జఠరికకు రక్తం దాదాపు అంతా ఆగిపోతుంది. చెరువు తూము దగ్గర అడ్డంకి, పిల్లకాలువలో అడ్డంకి ఒకటి కావు కదా.

1.5 మిల్లీమీటర్ల కంటే సన్నని కొమ్మలను ఈ లెక్కలోకి తీసుకోరు. సీటీకి అక్కడ నమ్మకంగా కొలిచే శక్తి లేదు, అంత సన్నని కొమ్మకు స్టెంట్ వేసేదీ లేదు.

ఇప్పుడు 55 శాతం అంటే ఏమిటో చూద్దాం, ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే. ఈ శాతం వ్యాసంలో తగ్గుదల. ఇరుకుకు ముందూ వెనకా బాగున్న చోట నాళం లోపలి వ్యాసం 3 మిల్లీమీటర్లు, ఇరుకు దగ్గర 1.35 మిల్లీమీటర్లు ఉంటే తగ్గింది 1.65. దాన్ని 3తో భాగిస్తే 55 శాతం. అదే అడ్డుకోత వైశాల్యంలో లెక్కిస్తే సుమారు 80 శాతం అవుతుంది. 50 శాతం వ్యాసం తగ్గితే 75 శాతం వైశాల్యం తగ్గినట్టు. కొన్ని సెంటర్లలో కంప్యూటర్ ఇచ్చే వైశాల్యం అంకెనే రిపోర్టులో దింపేస్తారు, అప్పుడు 3 కావాల్సింది 4ఏ అయిపోతుంది. సీఏడీ-రాడ్స్ మొత్తం వ్యాసం లెక్కల మీదే నడుస్తుంది. రిపోర్టులో ‘ఏరియా స్టెనోసిస్’ అన్న మాట కనిపిస్తే ఆ అంకెను నేరుగా ఈ పట్టీలో పెట్టకూడదు, రిపోర్టు రాసినవారిని అడగాలి.

ఈ శాతం గురించే ఇంకో సంగతి. సీటీ స్పష్టత సుమారు అర మిల్లీమీటరు. 3 మిల్లీమీటర్ల నాళంలో అర మిల్లీమీటరు తేడా అంటేనే దాదాపు 17 శాతం. కాబట్టి 48 శాతానికీ 52 శాతానికీ మధ్య తేడా మీద ఎవరూ పందెం కాయకూడదు. కోడ్‌ను 50-69 అని ఒక పట్టీలా పెట్టింది అందుకే. ‘పోయినసారి 45, ఈసారి 55, ఏడాదిలో పది శాతం పెరిగింది’ అనే లెక్క సీటీలో నిలబడదు. మీ పాత రిపోర్టులో అసలు అంకే లేదు కాబట్టి పెరిగిందా లేదా అన్నది కాగితాలను పోల్చి చెప్పలేం. పాత స్కాన్ సీడీ మీ దగ్గర ఉంటే కొత్తదానితో పక్కపక్కన పెట్టి ఒకే రేడియాలజిస్టు చూడాలి. అదొక్కటే న్యాయమైన పోలిక. ఫిల్ములు సరిపోవు, వాటి మీద ఎంపిక చేసిన కొన్ని బొమ్మలే ఉంటాయి. స్కాన్‌లో తీసిన వందలాది పొరలు సీడీలోనే ఉంటాయి. ఏ సెంటర్లో తీయించినా సీడీ లేదా పెన్‌డ్రైవ్ అడిగి తీసుకోండి, హైదరాబాద్ వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితం కంటే ముందు అది సంచిలో పెట్టుకోండి.

ఈ శాతాన్ని తప్పుదారి పట్టించే మరొకటి కాల్షియం మోసం. ప్లాక్‌లో సున్నం (కాల్షియం) గట్టిపడి ఉంటే సీటీలో అది ఉన్నదానికంటే ఉబ్బి మెరుస్తుంది, లోపలి దారి ఇంకా సన్నగా ఉన్నట్టు చూపిస్తుంది. దీన్ని బ్లూమింగ్ అంటారు. సున్నం ఎక్కువున్న చోట సీటీ 70 శాతం అంటే, నాళంలోకి గొట్టం పంపి చూసే క్యాథ్ ల్యాబ్‌లో 50 తేలడం మామూలే. అందుకే సీటీకి ‘ఏమీ లేదు’ అని చెప్పడంలో ఉన్నంత బలం ‘ఇంత శాతం ఉంది’ అని చెప్పడంలో లేదు. 0 వస్తే ఆ మాటను గట్టిగా నమ్మొచ్చు. 3, 4ఏ వస్తే అవి తర్వాతి ప్రశ్నకు దారి.

ఆ తర్వాతి ప్రశ్న: ఈ ఇరుకు వల్ల గుండె కండకు రక్తం నిజంగా తగ్గుతోందా? ఇరుకు ఎంతుందో కంటితో చూస్తే ఆ జవాబు దొరకదు. ఫేమ్ అనే ప్రసిద్ధ అధ్యయనంలో నాళంలోకి తీగ పంపి, ఇరుకుకు అటూ ఇటూ పీడనం కొలిచారు. ఎఫ్‌ఎఫ్‌ఆర్ అనే ఆ నిష్పత్తి 0.80 లేదా అంతకు తక్కువైతే రక్తం తగ్గుతున్నట్టు. 2010లో అచ్చయిన ఆ లెక్కల ప్రకారం, యాంజియోగ్రామ్‌లో (సీటీ కాదు, గొట్టం పంపి క్యాథ్ ల్యాబ్‌లో తీసేది) 50 నుంచి 70 శాతం అనిపించిన ఇరుకుల్లో నిజంగా రక్తాన్ని తగ్గిస్తున్నవి 35 శాతమే. 71 నుంచి 90 శాతం అనిపించిన వాటిలో 80 శాతం, 91 నుంచి 99 అనిపించిన వాటిలో 96 శాతం. అంటే మీ బాపు పట్టీలో ఉన్న ప్రతి మూడు ఇరుకుల్లో సుమారు రెండు రక్తాన్ని ఆపడం లేదు. ‘సగం బ్లాకయింది, స్టంట్ వేయండి’ అన్న మాట ఇక్కడే కూలిపోతుంది. సగం మూసుకుంటే సగం రక్తం తగ్గదు. నాళానికి చాలా వెసులుబాటు ఉంటుంది.

అందుకే సీఏడీ-రాడ్స్ 3కు పద్ధతి చెప్పే తదుపరి అడుగు: మందులు గట్టిగా మొదలుపెట్టడం, రక్తప్రసరణ చూపే పరీక్ష గురించి ఆలోచించడం. మన దగ్గర దొరికేవి చెప్తాను. ట్రెడ్‌మిల్ మీద నడిపించే టీఎంటీ చవక, అన్నిచోట్లా ఉంది, కానీ రోగమున్న పది మందిలో సుమారు ముగ్గురిని అది పట్టుకోలేదు. షుగర్ ఉన్నవాళ్లలో, సరిగ్గా నడవలేనివాళ్లలో దాని మీద ఆధారపడటం ఇంకా కష్టం. టీఎంటీ నార్మల్ వచ్చిందని 3ను కొట్టేయకూడదు. స్ట్రెస్ ఎకో దానికంటే మేలు, అయితే చేసేవారి చేతి అనుభవం మీద ఫలితం నిలుస్తుంది. జనం ‘థాలియం స్కాన్’ అనే న్యూక్లియర్ పరీక్ష రక్తం అందని భాగాన్ని, ఆ భాగం ఎంత పెద్దదన్నదాన్ని చూపిస్తుంది. ఈ సీటీ బొమ్మల నుంచే కంప్యూటర్‌లో ఎఫ్‌ఎఫ్‌ఆర్ లెక్కకట్టే పద్ధతీ ఉంది. అందులో 0.75 లేదా తక్కువైతే రక్తం తగ్గుతోందని, 0.80 పైన అయితే లేదని, మధ్యలో ఉంటే సందిగ్ధమని తీసుకుంటారు. ఇవి చేశాక కోడ్‌లో ‘ఐ ప్లస్’, ‘ఐ మైనస్’, ‘ఐ ప్లస్ ఆర్ మైనస్’ అని చేరుతుంది. మీ కోడ్‌లో ‘ఐ’ లేదు. ఆ పరీక్ష ఇంకా కాలేదని అర్థం. కార్డియాలజిస్టును అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

ఇప్పుడు పీ2. ఇరుకు ఒక్క చోటి సంగతి చెప్తే, పీ మొత్తం నాళాల్లో ఎంత ప్లాక్ పోగుపడిందో చెప్తుంది. పీ1 తక్కువ, పీ2 మధ్యస్థం, పీ3 ఎక్కువ, పీ4 చాలా ఎక్కువ. కాల్షియం స్కోరుతో లెక్కిస్తే 1 నుంచి 100 వరకు పీ1, 101 నుంచి 300 వరకు పీ2, 301 నుంచి 999 వరకు పీ3, 1000, ఆపైన పీ4. మీ 164 పీ2లో పడుతుంది, సరిగ్గానే రాశారు. ఇంకో దారి, ప్లాక్ ఉన్న ముక్కలను లెక్కపెట్టడం. గుండె నాళాలను 18 ముక్కలుగా విడదీసి పేర్లు పెట్టారు. రెండు ముక్కల వరకు పీ1, మూడు నాలుగు అయితే పీ2, అయిదు నుంచి ఏడు పీ3, ఎనిమిది, ఆపైన పీ4. కంటి అంచనాతో కూడా ఇవ్వొచ్చు. ఏ దారిన లెక్కించారో రిపోర్టులో రాయడం మంచి అలవాటు. సున్నం లేని మెత్తని ప్లాక్ ఎక్కువున్న మనిషికి స్కోరు ప్రకారం పీ1, ముక్కల ప్రకారం పీ3 రావచ్చు.

కాల్షియం స్కోరు గురించి రెండు మాటలు. ఇది 1990 నుంచి ఉన్న అగాట్‌స్టన్ లెక్క. 130 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు (సీటీలో సాంద్రత కొలమానం) దాటిన మచ్చలను వాటి వైశాల్యం, సాంద్రతలతో గుణించి కూడతారు. ఇందులో మెత్తని ప్లాక్ లెక్కకు రాదు. బీడీ, సిగరెట్ తాగే 35-40 ఏళ్లవాళ్లలో స్కోరు సున్నా ఉండి మెత్తని ప్లాక్‌తో నాళం సగానికి పైగా ఇరుకైన సందర్భాలుంటాయి. ఛాతీ నొప్పి ఉన్న మనిషికి ‘స్కోరు సున్నా, ఇంటికి పో’ అనకూడదు. ఇంకొకటి: కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు వాడితే మెత్తని ప్లాక్ గట్టిపడి స్కోరు పెరగొచ్చు, అది మందు పని చేస్తున్న సూచన కావచ్చు. మందు మొదలెట్టాక ఏటా స్కోరు తీయించి ‘పెరిగింది’ అని బెంగపడటం వల్ల ఉపయోగం లేదు.

పీ ఎందుకు ముఖ్యమంటే, గుండెపోటు వచ్చేది ఎప్పుడూ అన్నిటికంటే ఇరుకైన చోటు నుంచే కాదు. 30 శాతం ఇరుకున్న ప్లాక్ కూడా పగిలి, దాని మీద రక్తం గడ్డకట్టి గంటలో నాళాన్ని మూసేయగలదు. పోగు ఎంత ఎక్కువుంటే పగలడానికి అన్ని చోట్లు. సీఏడీ-రాడ్స్ 1/పీ3 ఉన్న మనిషికి ‘25 శాతం కూడా లేదు, బేఫికర్’ అనడం చాలా పెద్ద తప్పు. ఆ మనిషికి స్టెంట్ అవసరం లేదు. మందు మాత్రం చాలా అవసరం.

హెచ్‌ఆర్‌పీ అంటే హై రిస్క్ ప్లాక్, పగిలే లక్షణాలున్న ప్లాక్. నాలుగు గుర్తులు చూస్తారు. ప్లాక్ బయటికి ఉబ్బి నాళం వెడల్పు పక్కన బాగున్న చోటు కంటే పది శాతానికి పైగా పెరగడం. లోపల 30 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్ల కంటే తక్కువ సాంద్రతతో కొవ్వు గుంత ఉండటం. 3 మిల్లీమీటర్ల లోపు సున్నపు చుక్కలు. మధ్యలో నల్లని కొవ్వు, చుట్టూ తెల్లని అంచుతో ఉంగరంలా కనిపించడం. వీటిలో కనీసం రెండు ఉంటేనే హెచ్‌ఆర్‌పీ రాయాలి. ఒక్క గుర్తు చూసి రాయడం తరచూ జరిగే తప్పు. ఆ 30 యూనిట్ల కొలత కూడా తేలిగ్గా తడబడుతుంది. పక్కనే కాంట్రాస్టు, సున్నం ఉంటే అంకె పైకి జరుగుతుంది, బొమ్మలో గరుకు ఎక్కువుంటే ఏ అంకైనా రావచ్చు. మీ రిపోర్టులో ఏ రెండు గుర్తులు చూశారో లోపలి వివరణలో ఉండాలి. లేకపోతే రాసిన రేడియాలజిస్టును మర్యాదగా అడగొచ్చు, అడగడం మీ హక్కు.

మీ బాపుకు షుగర్, బీడీ, పీ2, హెచ్‌ఆర్‌పీ నాలుగూ కలిశాయి. అందుకే నేను మొదట్లో చివరి రెండు ముక్కలే పని చెప్తాయన్నాను. ఇరుకు మీద ఏం చేయాలన్నది పరీక్ష తర్వాత తేలొచ్చు, కానీ ప్లాక్‌కు మందు ఈ వారమే మొదలవ్వాలి. సాధారణంగా కార్డియాలజిస్టులు ఇచ్చేది: గట్టి మోతాదులో స్టాటిన్, అంటే అటోర్వాస్టాటిన్ 40 నుంచి 80 మిల్లీగ్రాములు లేదా రోసువాస్టాటిన్ 20 నుంచి 40; కడుపులో పుండు, రక్తస్రావం ఇబ్బందులు లేకపోతే ఆస్పిరిన్ 75; పట్టు తగ్గడానికి బీటా బ్లాకర్ వంటివి; నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్. చెడు కొలెస్ట్రాల్ ఎల్‌డీఎల్‌ను 70కి దిగువకు, ఇలా ముప్పు బాగా ఎక్కువున్నవారిలో 55కు దిగువకు తేవాలన్నది లక్ష్యం. మందు మొదలెట్టిన నాలుగు నుంచి పన్నెండు వారాల్లో రక్తపరీక్ష చేసి, చేరకపోతే ఎజెటిమైబ్ 10 మిల్లీగ్రాములు కలుపుతారు. మోతాదు మీ డాక్టర్ నిర్ణయం, మీరు షాపులో కొని వేయకండి. మన వైపు ఎక్కువ చెడిపోయేది ఇంకోచోట: నెల రోజులు వేసి, కొలెస్ట్రాల్ నార్మల్ వచ్చిందని స్టాటిన్ ఆపేస్తారు. అది నార్మల్ వచ్చింది మందు వల్లే. ఇక బీడీ మానడం ఏ మందుకూ తక్కువ కాదు. రోజుకు రెండు తగ్గించడం కాదు, పూర్తిగా మానాలి.

‘స్టెంట్ వేస్తే పీడ పోతుంది కదా’ అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. 2020లో అచ్చయిన ఇస్కీమియా అనే అధ్యయనంలో 5179 మందిని తీసుకున్నారు. నిలకడగా ఉన్న రోగం, రక్తప్రసరణ గట్టిగా తగ్గినట్టు పరీక్షల్లో తేలినవాళ్లు. సగం మందికి ముందే యాంజియోగ్రామ్ చేసి స్టెంట్ లేదా బైపాస్ చేశారు, సగం మందికి మందులతో మొదలెట్టారు. నడిమధ్యగా మూడేళ్లకు పైగా చూస్తే మరణాలు, గుండెపోట్లు ముందే స్టెంట్ వేసినవాళ్లలో తగ్గలేదు. యాంజైనా మాత్రం వాళ్లలో బాగా తగ్గింది. అంటే నిలకడైన రోగంలో స్టెంట్ ముఖ్యంగా నొప్పికి వైద్యం. మందులు సరిగా వాడినా పట్టు రోజువారీ పనిని ఆపేస్తుంటే, లేదా రక్తప్రసరణ పరీక్షలో పెద్ద భాగం దెబ్బతిన్నట్టు తేలితే అప్పుడు యాంజియోగ్రామ్ న్యాయమే. ఆ ఇస్కీమియా అధ్యయనంలో లెఫ్ట్ మెయిన్ 50 శాతం దాటినవాళ్లను, గుండె పంపింగ్ 35 శాతం కంటే తక్కువున్నవాళ్లను చేర్చుకోలేదన్నది గుర్తుంచుకోండి. కాబట్టి 4బీ వచ్చినవాళ్లు ఈ పేరా చదివి ఆగిపోకూడదు, వాళ్లకు యాంజియోగ్రామ్ చేయాల్సిందే.

ఇంకా కొన్ని అక్షరాలు. ‘ఎన్’ అంటే ఏదో ముక్క సరిగా కనపడలేదు, చెప్పలేం అని. చాలామంది దీన్ని నార్మల్ అనుకుంటారు, ప్రాణం మీదికి తెచ్చే పొరపాటు ఇది. మిగతా చోట్ల 50 శాతం దాటిన ఇరుకు ఉంటే దాని అంకె వేసి పక్కన ఎన్ చేరుస్తారు, 3/ఎన్ లాగా. మిగతావి 50 లోపు ఉంటే అంకె వేయరు, సీఏడీ-రాడ్స్ ఎన్ అనే రాస్తారు, ఎందుకంటే కనపడని ముక్కలో ఏముందో ఎవరికీ తెలియదు. ‘ఎస్’ అంటే స్టెంట్ ఉంది. 3 మిల్లీమీటర్ల కంటే సన్నని స్టెంట్ లోపలి భాగం సీటీలో సరిగా కనపడదు. ‘జీ’ అంటే బైపాస్ గ్రాఫ్ట్. బాగా పారుతున్న గ్రాఫ్ట్ దాటించిన పాత ఇరుకును అంకెలో లెక్కపెట్టరు. ‘ఈ’ అంటే కొవ్వు రోగం కాని వేరే కారణం, నాళం పుట్టుకతోనే వేరే చోటి నుంచి రావడం, గోడ చీలడం వంటివి.

ఇదంతా నిలకడగా ఉన్న నొప్పికి. అప్పుడే వచ్చిన నొప్పితో ఎమర్జెన్సీలో స్కాన్ తీస్తే అవే అంకెలకు వేరే అర్థం. అక్కడ 3 అంటే గుండెపోటు తరహా సమస్య ఉండొచ్చని, 4 అంటే ఉండే అవకాశం ఎక్కువని. 2 వచ్చినా హెచ్‌ఆర్‌పీ ఉంటే, గుండె కండ దెబ్బను చూపే రక్తపరీక్ష ట్రోపోనిన్ పెరిగితే ఇంటికి పంపరు.

కోడ్ ఎంత బాగున్నా దాని వెనక స్కాన్ బాగాలేకపోతే విలువ లేదు. రిపోర్టులో ‘టెక్నిక్’, ‘క్వాలిటీ’ అన్న భాగం వెతకండి. స్కాన్ అప్పుడు గుండె వేగం ఎంతో ఉండాలి. నిమిషానికి 60 లోపు ఉంటే మేలు. 75-80 ఉంటే కుడి నాళం మధ్యభాగం కదిలి మసకబారుతుంది. దానికే స్కాన్‌కు గంట ముందు గుండె వేగం తగ్గించే మెటోప్రోలాల్ 50 నుంచి 100 మిల్లీగ్రాములు ఇస్తారు, ఆస్తమా ఉన్నవాళ్లు ముందే చెప్పాలి. నాళాలు విచ్చుకోవడానికి నాలుక కింద నైట్రోగ్లిజరిన్ ఇస్తారు. లైంగిక సమస్యలకు వాడే సిల్డెనాఫిల్ వేసుకుని 24 గంటలు, టడలాఫిల్ వేసుకుని 48 గంటలు గడవకపోతే అది ఇవ్వకూడదు, బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. సిగ్గుపడి దాచకండి. పన్నెండు గంటల ముందు నుంచి టీ, కాఫీ వద్దు. బస్టాండులో దిగి చాయ్ తాగి స్కాన్‌కు పోవడం వల్ల చెడిపోయే స్కాన్లు తక్కువేం కాదు. కుడి మోచేతి మడతలో పచ్చరంగు 18 గేజ్ క్యానులా (మందు ఎక్కించే సూది గొట్టం) ఉండాలి. కాంట్రాస్టు సెకనుకు 5 మిల్లీలీటర్ల వేగంతో పోవాలి, చేతి వెనక వైపు పెట్టే సన్న క్యానులా ఆ వేగానికి తట్టుకోదు, నాళంలో వెలుగు చాలక ప్లాక్ తేడా తెలియదు. కిడ్నీ పనితీరు చూపే క్రియాటినిన్ చూడకుండా కాంట్రాస్టు ఎక్కించకూడదు. మే నెల ఎండలో పొద్దుటి నుంచి నీళ్లు తాగకుండా వచ్చిన షుగర్ పేషెంటు కిడ్నీకి ఇది ముఖ్యం. ఖాళీ కడుపు అంటే అన్నం లేకుండా, నీళ్లు లేకుండా కాదు. కిడ్నీ పని బాగా తగ్గినవాళ్లు మెట్‌ఫార్మిన్‌ను డాక్టర్ చెప్పినట్టు 48 గంటలు ఆపి, క్రియాటినిన్ మళ్లీ చూసి మొదలెట్టాలి.

రిపోర్టులు రాసే పీజీలు, కొత్త రేడియాలజిస్టులు ఇది చదువుతుంటే ఒక విన్నపం. కోడ్ చివర ఒక్క వరుసే కావచ్చు, కానీ దానికి ముందు ఒక్కో నాళం, ఒక్కో ముక్క విడిగా రాయండి: ఎక్కడ, ఎంత శాతం, ప్లాక్ మెత్తదా, గట్టిదా, మిశ్రమమా. గుండె పక్కన కనిపించే ఊపిరితిత్తుల ముక్కను వదలకండి. భూపాలపల్లి, గోదావరిఖని నుంచి వచ్చే బొగ్గు గని కార్మికుల్లో, పాత క్షయ మచ్చలున్నవాళ్లలో అక్కడ చెప్పాల్సింది తరచూ ఉంటుంది. ఛాతీ నొప్పి కారణం ఒక్కోసారి అక్కడే దొరుకుతుంది.

మళ్లీ మీ బాపు దగ్గరికి. పత్తి ఏరడానికి పోవచ్చా అని అడిగారు. మందులు మొదలై, పట్టు అదుపులోకి వచ్చేదాకా బస్తాలు ఎత్తడం, మందు డబ్బా వీపున వేసుకుని పిచికారీ చేయడం ఆపండి. చదును నేల మీద, పట్టు రానంత మెల్లగా నడవడం ఆపక్కర్లేదు. ఎంత దూరం నడిస్తే పట్టు వస్తోందో, ఎన్ని నిమిషాల్లో తగ్గుతోందో రోజూ ఒక కాగితం మీద రాసి పెట్టండి. డాక్టర్‌కు ఆ కాగితం రిపోర్టుతో సమానం. ఆ దూరం తగ్గిపోతున్నా, కూర్చున్నప్పుడూ నిద్రలోనూ పట్టు వస్తున్నా నిలకడ తప్పినట్టు, అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రోజు చూపించండి. చెమటలతో నొప్పి వచ్చి, ఆగినా, సార్బిట్రేట్ పెట్టినా పది పదిహేను నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి. బండి వెనక కూర్చోబెట్టుకుని బయల్దేరకండి. ఆస్పిరిన్ పడనివారు కాకపోతే 300 మిల్లీగ్రాముల మాత్ర నమిలించండి. దగ్గర్లో ఈసీజీ తీయగల చోటికి ముందు చేరండి. ఆ క్షణంలో సీఏడీ-రాడ్స్ కాగితంతో పని లేదు, ఈసీజీతోనే పని.

డాక్టర్ దగ్గరికి ఈ వారం వెళ్లేటప్పుడు రెండు స్కాన్ల సీడీలు, వాడే షుగర్ మందుల చీటీ, చివరి మూడు నెలల సగటు చక్కెర పరీక్ష, క్రియాటినిన్, కొలెస్ట్రాల్ రిపోర్టు తీసుకెళ్లండి. నాలుగు ప్రశ్నలు అడగండి: ఈ 55 శాతం చోట సున్నం ఎంత, అంటే సీటీ ఎక్కువ చేసి చూపిందా? రక్తప్రసరణ చూసే పరీక్ష ఏది చేయిద్దాం, ఎప్పుడు? హెచ్‌ఆర్‌పీ ఉంది కాబట్టి ఎల్‌డీఎల్ ఎంతకు తేవాలి, మళ్లీ ఎప్పుడు పరీక్ష? మందులతో పట్టు తగ్గకపోతే ఎన్ని వారాలకు యాంజియోగ్రామ్ గురించి ఆలోచిద్దాం? జవాబులు వచ్చాక, పరీక్ష ఫలితంతో సహా ఇక్కడ రాయండి, చూసి చెప్తాను.